ఇంట్లో హిబాచీ భోజనం: సాస్ తర్వాత, ముందు పెనం సంగతి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంతలో చెబుతాను. డాలస్ దగ్గర, పెద్ద ఇనుప పలక మీద అతిథుల ముందే వండి వడ్డించే (అమెరికాలో హిబాచీ అంటారు) ఒక జపనీస్ స్టేక్‌హౌస్‌లో పిల్లవాడి పుట్టినరోజు చేశారు. బిల్లు చూసి, ఇదే భోజనం ఇంట్లో వండుకోవచ్చు కదా అనుకున్నారు. రెండుసార్లు ప్రయత్నించారు. అన్నం ముద్దయింది, దోసకాయలా ఉండే జుకీని నీళ్లు వదిలింది, ఆ గులాబీ రంగు సాస్ మయోనైజ్‌లో కెచప్ కలిపినట్టే ఉంది. అంతా కలిపి తింటే హైదరాబాద్ ఫాస్ట్‌ఫుడ్ బండి ఫ్రైడ్ రైస్ గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరూ బీఫ్ తినరు, మామగారు శాకాహారి. పిల్లలకేమో అక్కడ పెనం మీద మంట చిమ్మించే ఉల్లిపాయ అగ్నిపర్వతం కావాలి. "వాళ్లు వేసే రహస్యం ఏమిటి?" అని అడిగారు.

జార్జియాలో అలాంటి ఒక హోటల్లో నేను మూడేళ్లు పనిచేశాను. మొదటి ఏడాది వెనక వంటగదిలో కూరగాయలు తరగడం, బియ్యం కడగడం, సాస్‌లు కలపడం. తర్వాతే పెనం ముందు నిలబడనిచ్చారు. వంటవాడి బండి మీద ఏముంటాయో చెబుతాను. నాలుగు ప్లాస్టిక్ సీసాలు: నూనె, సోయా సాస్, నిమ్మరసం, మంచినీళ్లు. ఉప్పు డబ్బా, మిరియాల పొడి డబ్బా, వేయించిన నువ్వులు. ఒక గిన్నెలో వెల్లుల్లి కలిపిన వెన్న. అంతే. చిటికెడు అజినమోటో, చివర్లో చల్లే నాలుగు చుక్కల నువ్వుల నూనె తప్ప పెనం దగ్గర ఇంకే పొడీ ఉండదు, దాచిపెట్టిన సీసా కూడా లేదు.

ఆ వంట పుట్టుకే అలాంటిది. జపాన్‌లో ఇనుప పలక మీద వండి అక్కడే వడ్డించే పద్ధతిని 1945లో కోబె నగరంలోని మిసోనో అనే హోటల్ మొదలుపెట్టింది. అమెరికాకు దాన్ని పెద్ద ఎత్తున తెచ్చినవాడు హిరోయాకి అవోకి, అందరూ రాకీ అని పిలిచేవారు. 1964లో న్యూయార్క్ 56వ వీధిలో నాలుగు బల్లలతో బెనిహానా తెరిచాడు. ఆ మాటకు కుసుమ పువ్వు అని అర్థం. తాండూరు వైపు నూనె తీసే ఆ కుసుమే. టోక్యోలో వాళ్ల అమ్మానాన్నలు నడిపిన కాఫీ హోటల్ పేరు కూడా అదే. అవోకి తెలివంతా వంటకాల సంఖ్య తగ్గించడంలో ఉంది. మాంసం, కోడి, రొయ్యలు, వాటి పక్కన ఎప్పుడూ ఉండే అవే నాలుగు కూరగాయలు, అన్నం. వంట అతిథుల ముందే జరుగుతుంది కాబట్టి వెనక వంటగదికి చోటు పెద్దగా అక్కర్లేదు, సరుకు వృథా కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1972లో దీన్ని పాఠంగా రాసుకుంది. వస్తువులు అంత తక్కువ కాబట్టే ఇంట్లో వండడం సాధ్యం. తక్కువ కాబట్టే ఏ ఒక్కటి తేడా వచ్చినా వెంటనే తెలిసిపోతుంది.

పేరు గురించి ఒక్క మాట. హిబాచీ అంటే నిజానికి కుంపటి. మట్టితోనో లోహంతోనో చేసిన పాత్రలో బొగ్గులు వేసుకుని చలి కాచుకునేది. ఇనుప పలక మీద వండేదాన్ని జపాన్‌లో తెప్పన్‌యాకి అంటారు. అమెరికాలో పెనం మీద వండి దానికి కుంపటి పేరు పెట్టారు. జపాన్ వెళ్లి హిబాచీ చికెన్ అడిగితే తెల్లముఖం వేస్తారు, గులాబీ సాస్ అడిగితే మరీను. అది పూర్తిగా అమెరికాలో పుట్టింది.

ఇక పెనం. హోటల్లో వాడే ఉక్కు పలక ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా మందం ఉంటుంది. కింద గంటల తరబడి మంట. చల్లటి కోడి ముక్కలు రెండు కిలోలు ఒక్కసారి పడేసినా దాని వేడి పెద్దగా తగ్గదు. మీ పొయ్యి మీద పల్చటి నాన్‌స్టిక్ మూకుడులో జుకీని ముక్కలు నింపితే అర నిమిషంలో వేడంతా దిగిపోతుంది. జుకీనిలో 95 శాతం దాకా నీరే. ఆ నీరు ఆవిరైపోయేంత వేడి మూకుడులో లేకపోతే ముక్కలు వాటి నీటిలోనే ఉడుకుతాయి. ఎర్రబడడం, ఆ కమ్మటి వాసన రావడం 140 డిగ్రీల సెల్సియస్ దాటాక మొదలవుతుంది. నీరున్నంతసేపు మూకుడు 100 దగ్గరే ఆగిపోతుంది. మీ మొదటి రెండు ప్రయత్నాలు చెడింది ఇక్కడే. నాన్‌స్టిక్‌ను ఇంత వేడికి వాడకండి. 260 డిగ్రీలు దాటితే దాని పూత పాడై పొగలు వస్తాయి.

అమెరికాలో చాలా తెలుగు ఇళ్లలో ఈ పనికి సరైన వస్తువు ముందే ఉంటుంది. దోసె పెనం. పాత ఇనుముదో పోత ఇనుముదో, బరువుగా, బాగా నూనె పట్టినది. దాని వేడి చూడడం మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే, కాకపోతే ఇక్కడ లెక్క తిరగబడుతుంది. దోసెకు పెనం బాగా కాలితే నీళ్లు చల్లి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది వేడి తగ్గిస్తాం. ఇక్కడ ఆ తగ్గించే పని చేయకూడదు. చల్లిన నీటిచుక్క బుస్సుమని ఆరిపోతే ఇంకా చాలలేదు. చుక్క ముత్యంలా గుండ్రంగా మారి పెనం మీద పరుగులు తీస్తే సరిపోయింది. మధ్యస్థమైన మంట మీద 8 నుంచి 10 నిమిషాలు ఖాళీ పెనం కాగాలి. గాజు పలక పొయ్యి అయితే ఇంకాస్త ఎక్కువ. ఒకేసారి పెద్ద మంట పెడితే మధ్యలో కాలి అంచులు చల్లగా మిగులుతాయి.

ఒక హెచ్చరిక. మా అమ్మ మా ఇంటికి వచ్చిన మొదటి వేసవిలో నేను ఆమె పెనం మీదే రొయ్యలు వేశాను. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి, "దోసె పెనం మీద రొయ్యలా?" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. మర్నాడు మొదటి దోసె ముక్కలు ముక్కలుగా లేచింది, రెండోది నీచు వాసన వేసింది. నాలుగు రోజులు నూనె పట్టించి కాల్చాక గాని పెనం దారికి రాలేదు. కాబట్టి వేరే పెనం కొనండి. 12 అంగుళాల పోత ఇనుప పెనం ఒకటి చాలు. రెండు పొయ్యిల మీద పట్టే పొడవాటి ఉక్కు పలక దొరికితే ఇంకా మంచిది. పెరట్లో గ్యాస్‌తో నడిచే పెద్ద పలక ఉంటే ఇంట్లో పొగ గొడవే ఉండదు. బల్ల మీద పెట్టుకునే కరెంటు పలకలు చూడ్డానికి బాగుంటాయి గాని, చల్లటి పదార్థం పడగానే నీరసిస్తాయి. వాటిని వండినది వెచ్చగా ఉంచడానికి వాడుకోండి.

ఇప్పుడు అన్నం. దీనికి కాస్త ఎక్కువ చోటిస్తాను, ఎందుకంటే మనవాళ్లందరూ చెడగొట్టేది ఇదే.

హోటళ్లలో వాడేది కాలిఫోర్నియాలో పండే కాల్‌రోజ్ లాంటి మధ్యరకం బియ్యం. ఇంట్లో ఉన్న సోనా మసూరి దీనికి బాగా పనికొస్తుంది. బాస్మతి వద్దు, దాని వాసన సోయాకు అడ్డుపడుతుంది, గింజ మరీ పొడిపొడిగా ఉంటుంది. నాలుగేళ్లు పాతబడిన బియ్యమైనా సరే, మామూలుగా కుక్కర్లో పోసినట్టు కప్పుకు రెండు కప్పులు పోయకండి. కడిగి వడకట్టిన కప్పు బియ్యానికి కప్పున్నర నీళ్లు చాలు. కాల్‌రోజ్‌కు కప్పుంపావు. ఉడికిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోయాక గంటలోపే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా బయట వదిలేసిన అన్నం వాడకండి. అందులో పెరిగే బాక్టీరియా విడుదల చేసే విషపదార్థం మళ్లీ వేయించినా పోదు. రాత్రి చలికి గింజలోని పిండి గట్టిపడి పైతడి ఆరుతుంది. మర్నాడు చేత్తో నలిపితే గింజలు విడిపోవాలి.

నలుగురికి రెండు కప్పుల బియ్యం వండితే ఆరు కప్పుల అన్నం వస్తుంది. దాన్ని ఒకేసారి వేయించకండి, రెండు వాయిలు చేయండి. కాగిన పెనం మీద పెద్ద చెంచాడు నూనె, అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ రెండు చెంచాలు, కొంచెం క్యారెట్. అర నిమిషం తర్వాత వాటిని పక్కకు తోసి ఒక గుడ్డు కొట్టి వేయండి, అట్లకాడతో చిదపండి. గుడ్డు ఇంకా కాస్త తడిగా ఉండగానే మూడు కప్పుల అన్నం కుమ్మరించండి. అట్లకాడను నిలువుగా పట్టుకుని గడ్డలు విడగొట్టండి, అదిమి రుద్దకండి. తర్వాత పలచగా పరిచి నిమిషంన్నర ముట్టుకోకుండా వదిలేయండి. ఇది చేయలేకపోవడమే అందరి సమస్య. కలుపుతూ ఉంటే ఏదో వండుతున్నట్టు అనిపిస్తుంది గాని అన్నం కాలదు. అడుగున గింజలు చిటపటలాడి వాటి చప్పుడు పొడిగా మారుతుంది. ఆ చప్పుడు వినిపించాక తిరగేయండి.

అప్పుడు అన్నం మధ్యలో గుంట చేసి పెనం కనబడేలా ఖాళీ చేయండి. ఆ ఖాళీలో పెద్ద చెంచాడు వెల్లుల్లి వెన్న, అది కరిగి నురగ కట్టగానే దాని మీద పెద్ద చెంచాడు సోయా సాస్. సోయా అన్నం మీద పడకూడదు, కాగిన ఇనుము మీద పడాలి. మూడు సెకన్లలో అది మరిగి చిక్కబడి కాస్త మాడిన బెల్లం వాసన వేస్తుంది. హోటల్లో మీకు తగిలిన వాసన ఇదే. వెంటనే అన్నం దాని మీదకు లాగి కలిపేయండి. ఉప్పు, మిరియాలు, నువ్వులు, ఉల్లికాడలు. సోయాలో ఉప్పు దండిగా ఉంటుంది. పెద్ద చెంచాడులో 900 మిల్లీగ్రాములకు పైగా సోడియం, కాబట్టి రుచి చూసే ఉప్పు వేయండి.

వెల్లుల్లి వెన్నకు: ఉప్పు లేని వెన్న ఒక కడ్డీ, అంటే 113 గ్రాములు, మెత్తబడేదాకా బయట ఉంచండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు మెత్తగా దంచి కలపండి. చిన్న చెంచాడు సోయా, నాలుగు చుక్కల నిమ్మరసం. ఇందులో మిగిలినది రొయ్యలకూ కూరగాయలకూ పనికొస్తుంది. నెయ్యి వాడొచ్చా అని మీకు తప్పకుండా అనిపిస్తుంది. నెయ్యి మాడదన్న మాట నిజమే. కానీ దాని వాసన ముందుకొచ్చి కూర్చుంటుంది, తింటే పులావ్ తిన్నట్టుంటుంది. వెన్నను మొదట వేస్తే మాడుతుంది కాబట్టి వేయించడం నూనెతో, ముగించడం వెన్నతో. నూనె వాసన లేనిదై ఉండాలి.

మీకు ఫాస్ట్‌ఫుడ్ బండి ఎందుకు గుర్తొచ్చిందో ఊహించగలను. అల్లం వెల్లుల్లి ముద్ద వేసి ఉంటారు, క్యాప్సికం వేసి ఉంటారు, చివర్లో వెనిగర్, బహుశా కొంచెం చిల్లీ సాస్. చేతికి అలవాటైన దారి అది. బండి ఫ్రైడ్ రైస్ నాకూ ఇష్టమే, అది వేరే వంట. హిబాచీలో అల్లం పెనం దగ్గరకు రాదు, పచ్చిగా సాస్‌లో మాత్రమే ఉంటుంది. వెనిగర్ కూడా అంతే. నల్లగా చిక్కగా ఉండే సోయా సాస్ కూడా కొంపముంచుతుంది. అది రంగు కోసం వాడేది. మీకు కావలసింది జపాన్ పద్ధతిలో పులియబెట్టిన మామూలు సోయా, కిక్కోమన్ ఎర్రమూత సీసా లాంటిది. నువ్వుల నూనె విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. మన పచ్చళ్లలో పోసే నువ్వుల నూనె పచ్చి నువ్వులది. వీళ్లు చివర్లో చల్లే నాలుగు చుక్కలు దోరగా వేయించిన నువ్వుల నుంచి తీసినది, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి నప్పదు.

అజినమోటో వేస్తారా అంటే, చాలాచోట్ల వేస్తారు, మా దగ్గరా చిటికెడు పడేది. 1908లో కికునాయె ఇకెడా అనే టోక్యో ఆచార్యుడు కొంబు అనే సముద్రపు నాచులోంచి ఆ రుచిని వేరుచేశాడు, మరుసటి సంవత్సరమే అది అంగట్లోకి వచ్చింది. ఇష్టముంటే వేసుకోండి. పెనం సరిగా కాలితే లేకపోయినా లోటు తెలియదు.

సాస్‌ల దగ్గరకు వద్దాం. గులాబీ రంగుది, యమ్ యమ్ సాస్. మయోనైజ్ ఒక కప్పు, టొమాటో పేస్ట్ చిన్న చెంచాడు, కరిగించిన వెన్న పెద్ద చెంచాడు, పంచదార చిన్న చెంచాడు, వెల్లుల్లి పొడి అర చెంచా, పాప్రికా (ఘాటు లేని ఎర్ర మిరప పొడి) అర చెంచా, బియ్యపు వెనిగర్ చిన్న చెంచాడు. గిలక్కొట్టి, పోసేంత జారుగా అయ్యేదాకా రెండు మూడు పెద్ద చెంచాల నీళ్లు కలపండి. మీ సాస్ ఎందుకు కుదరలేదంటే మూడు కారణాలు తోస్తున్నాయి. వెన్న వేసి ఉండరు. పచ్చి వెల్లుల్లి వేసి ఉంటారు, అది ఘాటెక్కుతుంది, ఇక్కడ పొడే సరైనది. అన్నిటికన్నా ముఖ్యం, కలిపిన వెంటనే తిని ఉంటారు. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటేనే పొడులు నాని ఒక్క రుచి అవుతాయి. మా హోటల్లో ఈ రోజు కలిపిన బకెట్ మీద తేదీ రాసి రేపటికి పెట్టేవాళ్లం. మయోనైజ్ తియ్యగా లేనిది చూసుకోండి. భారత్‌లో దొరికే గుడ్డు లేని మయోనైజ్ చాలావరకు తీపి, దానితో చేస్తే పంచదార పూర్తిగా మానేయండి. పాప్రికా లేకపోతే కాశ్మీరీ కారం పావు చెంచా, అంతకు మించితే పేరు మార్చుకోవలసి వస్తుంది.

అల్లం సాస్ సులువు. తరిగిన ఉల్లిపాయ పావు కప్పు, అంగుళం అల్లం, సోయా అర కప్పు, వెనిగర్ పావు కప్పు, నిమ్మరసం పెద్ద చెంచాడు. మిక్సీలో ఒక తిప్పు. నా లెక్కలో గులాబీ సాస్ పిల్లలది, ఇది పెద్దవాళ్లది. రొయ్యలను ఇందులో ముంచి తింటే రెండోదాని జోలికి వెళ్లరు.

సలాడ్ మీద వేసే నారింజ రంగు డ్రెస్సింగ్ కూడా అల్లందే, కానీ వేరు. చిన్న క్యారెట్, పావు ఉల్లిపాయ, సెలరీ కాడ ముక్క, అంగుళంన్నర అల్లం, పావు కప్పు వేరుశనగ నూనె, పావు కప్పు బియ్యపు వెనిగర్, సోయా, కెచప్ చెరో పెద్ద చెంచాడు, కొంచెం పంచదార. దీన్ని మెత్తగా తిప్పితే సగం అందం పోతుంది. రోటి పచ్చడిలా బరకగా ఉండాలి.

సూప్ గురించి మీ మామగారి కోసం ఒక మాట. ఆ తేటగా కనబడే సూప్ హోటల్లో సాధారణంగా కోడి ఎముకలదో గొడ్డు ఎముకలదో, రెండూ కలిపినదో అయి ఉంటుంది. రంగు చూసి కూరగాయలదని మోసపోయేవాళ్లను ఎంతమందినో చూశాను. అడగకుండా ఆయనకు పోయించకండి. ఇంట్లో ఆయన కోసమే చేయండి, అందరూ అదే తాగుతారు. పెద్ద ఉల్లిపాయను అడ్డంగా రెండు చెక్కలు చేసి, కోసినవైపు పెనం మీద ఆనించి నల్లబడేదాకా కాల్చండి. సూప్‌కు రంగూ లోతూ దాని వల్లే వస్తాయి. లీటరున్నర నీళ్లలో ఆ చెక్కలు, క్యారెట్, సెలరీ, నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులు, అల్లం ముక్క, వెల్లుల్లి వేసి సన్నని సెగ మీద ముప్పావు గంట. తెర్లనివ్వకండి, మసక అవుతుంది. వడకట్టి ఉప్పు, పెద్ద చెంచాడు సోయా. గిన్నెలో కాగితంలా తరిగిన పచ్చి పుట్టగొడుగు, ఉల్లికాడలు, బిర్యానీకి వేయించుకునే కరకరలాడే ఉల్లిపాయ కొంచెం వేసి పైన సూప్ పోయండి.

కూరగాయలకు మీరు చేయవలసింది రెండే. ముక్క పెద్దదిగా తరగండి, ఉప్పు చివరిదాకా వేయకండి. జుకీని చిటికెన వేలంత లావున, ఉల్లిపాయ దళసరి రేకులుగా, పుట్టగొడుగు రెండు ముక్కలుగా. పుట్టగొడుగును ముందు వేయండి, దాని నీరు పోవాలి. బ్రోకలీ, క్యారెట్ వేస్తే ముందే మరిగే నీటిలో నిమిషం ముంచి తీసి ఆరబెట్టండి. పెనం మీద ఒక్క వరుసే పట్టాలి, ముక్క మీద ముక్క పడకూడదు. మచ్చలు పడ్డాక వెన్న, సోయా, నువ్వులు. జుకీని కొరికితే ఇంకా కొంచెం కరకరమనాలి.

రొయ్యలు. డబ్బా మీద చూస్తే అవి భారత్‌వే అయి ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాకు రొయ్యలు పంపే దేశాల్లో మనది ముందుంటుంది, అందులో పెద్ద వాటా ఆంధ్రా చెరువులదే. భీమవరంలో పుట్టినది టెక్సాస్‌లో మీ పెనం ఎక్కుతుందన్నమాట. పొట్లం వెనక రాసినది చదవండి. రొయ్యలు, ఉప్పు తప్ప ఫాస్ఫేట్ పేరు కనబడితే దాన్ని వదిలేయండి. అది పట్టినవి నీరు పీల్చుకుని ఉంటాయి, పెనం మీద ఆ నీరంతా కక్కుతాయి. పౌనుకు 16 నుంచి 20 తూగే సైజు తీసుకోండి. కరిగాక కాగితపు తువ్వాలుతో ఒక్కొక్కటీ తుడవండి. తడి చేతికి తెలియకూడదు. నూనె, ఉప్పు, మిరియాలు. ఒకవైపు నిమిషంన్నర, రెండోవైపు ముప్పావు నిమిషం. వెన్న, నిమ్మరసం పిండి దించేయండి. రొయ్య సగం ఉంగరంలా వంగితే ఉడికినట్టు, సున్నాలా చుట్టుకుంటే దాటిపోయినట్టు.

కోడికి తొడ మాంసం వాడండి, ఎముక తీసినది. రొమ్ము మాంసం హోటల్లో నడుస్తుంది, ఎందుకంటే వండిన నిమిషంలో తింటారు. రెండు సెంటీమీటర్ల ముక్కలు, తుడిచి, ఉప్పు, మిరియాలు తప్ప ఏదీ పట్టించకండి. పెరుగులోనో సోయాలోనో ఊరబెడితే తడి వల్ల ఎర్రబడదు. రెండు నిమిషాలు కదపకుండా, తిప్పి మూడు నిమిషాలు. లోపల 74 డిగ్రీలు దాటాలి. టెరియాకి అనే తియ్యటి సోయా పూత కావాలంటే సోయా, మిరిన్ (వంటకు వాడే తియ్యటి జపాన్ బియ్యపు మద్యం) చెరో అర కప్పు, పంచదార రెండు పెద్ద చెంచాలు సగమయ్యేదాకా మరగబెట్టి, ముక్కలు ఉడికాక చివరి అర నిమిషంలోనే పోయండి. ముందు పోస్తే పంచదార మాడి చేదెక్కుతుంది.

మామగారికి గట్టి టోఫు, అంటే సోయా పాల పనీర్, అరగంట బరువు కింద పెట్టి నీరు తీసినది. పనీర్ అయినా బాగుంటుంది, హోటల్లో లేదని ఇంట్లో మానుకోనక్కర్లేదు. ఆయన వంతు ముందు చేసేయండి, లేదా వేరే పెనం పెట్టండి. హోటల్లో శాకాహారం అడిగినా అదే పలక మీద గీరి వండుతారు, ఆ పట్టింపు ఉన్నవాళ్లకు ఇంట్లో వండడమే నయం.

రోజు వరుస ఇలా పెట్టుకోండి. శుక్రవారం రాత్రి అన్నం, గులాబీ సాస్, వెల్లుల్లి వెన్న. శనివారం మధ్యాహ్నం సూప్, డ్రెస్సింగ్, తరుగుడు. సాయంత్రం ముందు టోఫు, తర్వాత అన్నం రెండు వాయిలు, వాటిని 90 డిగ్రీల ఓవెన్‌లో మూతపెట్టి ఉంచండి. ఆపైన కూరగాయలు, కోడి, చివర రొయ్యలు. ప్రతి వాయికీ మధ్య రెండు నిమిషాలు పెనం మళ్లీ కాగనివ్వండి. పొగ వస్తుంది. కిటికీలు ముందే తీయండి. పొయ్యి మీది ఫ్యాను గాలిని బయటికి పంపుతుందో, మళ్లీ మీ ముఖం మీదికే వదులుతుందో చూసుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో రెండోదే.

ఇక ఉల్లిపాయ అగ్నిపర్వతం. హోటల్లో నూనె, మద్యం పోసి అంటిస్తారు, పైన పెద్ద ఇనుప గొట్టం ఆ మంటను పీల్చుకుంటుంది. మీ ఇంట్లో పైన కర్ర అలమరా ఉంటుంది. మంట వద్దు. పెద్ద ఉల్లిపాయను అడ్డంగా దళసరి చక్రాలుగా కోసి, చక్రాల్లోంచి పెద్దదాని మీద చిన్నది గోపురంలా పేర్చండి. పెనం బాగా కాలి ఉండగా పైరంధ్రంలోంచి చెంచాడు నీళ్లు పోయండి. ఒక్కసారిగా ఆవిరి పైకి చిమ్ముతుంది. పిల్లలను చేయి చాపినంత దూరంలో నిలబెట్టండి, అట్లకాడతో ఆ గోపురాన్ని రైలింజనులా పెనం అంచు దాకా తోయండి, కూత వాళ్లే పెడతారు. తర్వాత అదే ఉల్లిపాయను నాలుగు దెబ్బల్లో తరిగి కూరగాయల్లో కలిపేయండి.